ఎత్తు మొదట్లో స్టాపు

మా డిపో గేటు దాటగానే ఎడమచేతి గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. ప్రతి నెలా మొదటి వారంలో గుమాస్తా స్టూలెక్కి దాని మీద డ్రైవర్ల పేర్లు రాసేవాడు. లీటరు డీజిలుకి ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడిపారో దాన్నిబట్టి వరస. డిపోలో ఆ లెక్కని కేఎంపీఎల్ అంటాం. మొదటి అయిదుగురి పేర్లు తెల్లసుద్దతో పైన, ఆఖరి అయిదుగురి పేర్లు ఎర్రసుద్దతో కింద. మధ్యలో ఉన్నవాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. కొత్తగా స్టీరింగ్ పట్టిన తమ్ముళ్లు ఇప్పుడు ఈ లెక్క ఫోన్లోనే చూసుకుంటున్నారని విన్నాను. అదృష్టవంతులు. ఫోన్లో అయితే మీ సిగ్గు మీ జేబులోనే ఉంటుంది. మా సిగ్గు గేటు దగ్గర ఉండేది, టీ కొట్టువాడు కూడా చదివేవాడు.

ఇరవై రెండేళ్ల సర్వీసు అయ్యాక ఒక ఆషాఢమాసంలో, ఎర్రసుద్దలో, అందరికంటే కింద నా పేరు కనిపించింది. తలకొట్టేసినట్టయింది. నేను దర్జాగా బండి నడిపేవాణ్ణని నాకు పెద్ద పేరు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఏ బండీ నన్ను దాటిపోయిందీ లేదు. ఆ రెండో ముక్కే నా కొంప ముంచిందని అప్పట్లో తెలియలేదు.

మేనేజరుగారు పిలిచి కూర్చోమన్నారు. నిలబెట్టి తిడితే దులుపుకుని వచ్చేయొచ్చు. కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడితే లోపలికి దిగుతుంది.

"మీరు సీనియరు. మీ మీద ఒక్క కంప్లయింటు లేదు. ఈ డీజిలు ఏమిటండీ మరి?"

"బండి పాతదండి."

"అంతకంటే పాత బండి ఇంకొకాయన నడుపుతున్నారు. ఆయన పేరు పైన మూడోది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అయింది నా పని. బయటికి వచ్చాను. బయట మా బావ ఉన్నాడు. మా అక్క మొగుడు, ఆ డిపో గ్యారేజీలోనే మెకానిక్కు. ఆయనకి మీసమంటే ప్రాణం. చేతులకి ఎంత గ్రీజు ఉన్నా మోచేత్తోనైనా దాన్ని సవరించుకునేవాడు.

"ఏట్రా, బోర్డు మోస్తన్నావంట కిందినుంచి?" అన్నాడు.

"చూస్తూండు బావా. పైకెక్కుతాను. ఒకటో నెంబరు."

చుట్టూ ఉన్న హెల్పర్లు నవ్వారు. బావ నవ్వలేదు. మీసం మెలేసి, "నీ పేరు ఒకటో నెంబర్లో ఎక్కిన్నాడు ఈ మీసం తీసీసి నీ సేతిలో పెడతాను. నానొద్దన్నా మీ అక్క పెట్టిస్తాది" అన్నాడు.

అదిగో, అలా పుట్టింది నా లక్ష్యం. గొప్ప గొప్ప వాళ్లకి లక్ష్యాలు ఎలా పుడతాయో నాకు తెలియదు గాని, నాకు మాత్రం సిగ్గుకీ పౌరుషానికీ కలిపి పుట్టింది. మర్నాడు తెల్లవారి డ్యూటీ ఎక్కగానే స్టీరింగు ముందు డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో పెద్దగా '1' అని రాసుకున్నాను.

మా కండక్టరమ్మ అది చూసింది. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు ఆవిడది, నోరు కత్తి. నన్ను అన్నియ్యా అనేది. నేను చెల్లెమ్మా అనేవాణ్ణి.

"ఏటది అన్నియ్యా?"

"నా లక్ష్యం."

"ఒకటో నెంబరు బస్సనుకుంటారు జనం. రుద్దీ." 

నేను రుద్దలేదు. ఆ రోజునుంచి మనిషిని మారిపోయాననే చెప్పాలి. బండి ఎక్కేముందు ఆరు టైర్లకీ గాలి చూసుకునేవాణ్ణి. మాది పాలకొండ నుంచి ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం సర్వీసు. ఆమదాలవలస స్టేషను దగ్గర రైలు జనం కోసం ఆగినప్పుడు ఇదివరకు ఇంజను గుర్రుమంటూనే ఉండేది, ఇప్పుడు ఆపేసేవాణ్ణి. ముందు వెళ్లే లారీని దాటాలని కాలు దురద పెట్టేది. డాష్‌బోర్డు వంక చూసి ఊరుకునేవాణ్ణి. ఒకసారి ఇటుకల ట్రాక్టరు నన్ను దాటిపోయింది. వెనక సీట్లో ఎవడో ఈల వేశాడు. పళ్ళు బిగించి ఊరుకున్నాను. మా ఆవిడ ఆ రాత్రి అన్నం పెడుతూ, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మొదటి నెల తిరిగేసరికి ఎర్రసుద్దలోంచి బయటపడ్డాను. తెల్లసుద్ద ఇంకా దూరం. ఇంకెక్కడ మిగుల్చుకోవచ్చా అని చూస్తే, ఆ ఎత్తు కనిపించింది.

ఆమదాలవలస ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు ఒక మెట్ట మీదికి ఎక్కుతుంది. ఎత్తు మొదట్లో ఒక స్టాపు. లోపలి ఊరి జనం మట్టిరోడ్డు మీద నడిచి వచ్చి అక్కడ నిలబడతారు. ఎత్తు మీద, రెండు ఫర్లాంగుల అవతల, ఇంకో స్టాపు. కింద స్టాపులో ఆపామా, నిండు బస్సుని మళ్ళీ సున్నా నుంచి ఎత్తు ఎక్కించాలి. బండి మూలుగుతుంది, నల్లపొగ కక్కుతుంది. ఆపకుండా వచ్చిన ఊపులో ఎక్కేస్తే పూలబుట్ట ఎక్కినట్టు ఎక్కేస్తుంది.

ఒక రోజు ఆ స్టాపులో జనానికి చెప్పేశాను. "రేపటినుంచి కింద ఆపను. పైకి వచ్చి నిలబడండి."

"ఏటి, ఎందుకాపవు?" అని వంకాయల బుట్టతో ఉన్న ముసలమ్మ నిలదీసింది.

"ఆర్డరు."

ఆర్డరు ఎవరిదో నేను చెప్పలేదు. కండక్టరమ్మ నా వంక ఒక చూపు చూసింది. ముసలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని శాపనార్థాలు పెడుతూనే మర్నాటినుంచి పై స్టాపుకి వచ్చింది. అందరూ వచ్చారు. మన జనానికి ఓపిక ఎక్కువ, మనకి అది అలుసు.

ఒక్క పిల్ల మాత్రం ఆ వేళకి పైకి చేరుకోలేకపోయేది. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. శ్రీకాకుళంలో బట్టల కొట్లో పని, సాయంత్రం కానిస్టేబులు పరీక్షకి కోచింగు. ఇంట్లో పనంతా తెముల్చుకుని వచ్చేసరికి సరిగ్గా నా బస్సు కింద స్టాపు దాటుతూ ఉండేది. అంతే, భుజాన సంచీ నడుముకి కట్టేసుకుని బస్సు వెనక పరుగు. నాకు అద్దంలో కనిపించేది. పైన బుట్టలూ మూటలూ ఎక్కేలోపల వచ్చి అందుకునేది. ఎక్కి, కడ్డీ పట్టుకుని, రొప్పుతూ నిలబడేది. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

మొదట్లో ఆఖరి మూట ఎక్కాక వచ్చేది. నెల తిరిగేసరికి మూటలు ఎక్కుతుండగానే వచ్చేసేది. మూడో నెలకి మొదటి మూట ఎక్కేసరికే వచ్చి, ముసలమ్మ బుట్టకి చెయ్యి కూడా వేసేది. ఇది చూసి నాకు ఎంత ముచ్చట వేసిందంటే, డిపోలో చెప్పుకుని తిరిగాను. "కానిస్టేబులు సెలెక్షన్లో పరుగు ఉంటుంది కదా, ఆ పిల్లకి కోచింగు ఇస్తున్నది నేనే. ఫీజు కూడా లేదు" అని.

కండక్టరమ్మ ఆ మాట విని టిక్కెట్ల మిషను సీటు మీద గట్టిగా పెట్టింది.

"ఓలమ్మో! ఎంత దయామయుడివి అన్నియ్యా! నువ్వు ఆపనందుకు పరిగెడతంది గాని, నిన్ను గురువనుకునేటి? ఒక్కనాడు నువ్వు దిగి ఆ ఎత్తు ఎక్కు, సూద్దాం."

నేను నవ్వేశాను. ఆ నెల బోర్డు మీద నాలుగో పేరు నాది. తెల్లసుద్ద. మరుసటి నెలకి రెండో పేరు. గ్యారేజీలో నన్ను చూసి హెల్పర్లు కత్తెర ఆడించినట్టు వేళ్లు ఆడించేవారు. బావ మీసం మీదికి చెయ్యి పోవడం మానేసింది. నాలుగో నెల ఆఖరికి వచ్చేసరికి, డీజిలు కొట్టే బంకు దగ్గర రోజూ లెక్క చూసుకుంటున్నాను కదా, నాకూ ఒకటో నెంబరు ఆయనకీ మధ్య వెంట్రుకవాసి తేడా, అదీ నాకే అనుకూలంగా. ఒక్క రోజు డ్యూటీ మిగిలింది.

ముందు రోజు సాయంత్రం చివరి ట్రిప్పులో కండక్టరమ్మ వచ్చి బానెట్ మీద కూర్చుంది. "అన్నియ్యా, రేపు ఆ పిల్లకి పరుగుల టెస్టు. శ్రీకాకుళం గ్రౌండులో. ఎనిమిదింటికి గేటు మూసీస్తారంట. మన బస్సు తప్పితే తరవాత బస్సుకి అందదు. వయసు దాటిపోతాదంట, ఇదే ఆకరు సారి. రేపొక్కరోజు కిందే ఆపు. పిల్ల కాళ్ళు అలవకుండా ఎల్లాలి."

"సరే" అన్నాను.

మర్నాడు నేను ఆపలేదు.

మర్చిపోయానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. బావకీ చెప్పాను, మా ఆవిడకీ చెప్పాను. మర్చిపోలేదు. కింద స్టాపు దూరాన కనిపిస్తుండగా అంతా గుర్తుంది. డాష్‌బోర్డు మీద '1' కనిపిస్తోంది. రోజూ పరిగెత్తేదే కదా, ఇంకొక్క రోజు పరిగెత్తితే ఏమవుతుంది అనుకున్నాను. కాలు యాక్సిలరేటరు మీదే ఉంచాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

కింద ఆపుతానన్న మాట కండక్టరమ్మ చేరవేసినట్టుంది, ఆ రోజు పిల్ల ముందే వచ్చి నిలబడింది. శుభ్రంగా జడ వేసుకుంది. చేతిలో పరుగు బూట్లు పాత తువ్వాలులో చుట్టి పట్టుకుంది. బస్సు దగ్గరికి రాగానే ఎక్కడానికి ఒక అడుగు ముందుకి వేసింది. నేను దాటేశాను.

వెనకనుంచి కండక్టరమ్మ కేక వేసింది. నేను అలవాటుగా అద్దంలోకి చూశాను. పిల్ల పరిగెత్తడం లేదు. నాలుగు నెలలుగా రోజూ అద్దంలో పెద్దదవుతూ వచ్చే మనిషి, అక్కడే నిలబడిపోయి చిన్నదైపోతోంది. చెయ్యి ఊపలేదు, అరవలేదు. బూట్లు గుండెకి హత్తుకుని బస్సు వంక చూస్తోంది.

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. ఎత్తు నడుమ ఆగిపోయాం. ఇంజను ఆగి, బండి ఒక్క కుదుపు కుదిపి, వెనక వాళ్లు ముందు వాళ్ల మీద పడ్డారు.

"ఏటైంది?" "బండి సెడిందేటి?" "మాకు టైమైపోతంది బాబూ!" నలుగురూ నాలుగు రకాలు అరుస్తున్నారు.

కండక్టరమ్మ తలుపు తీసుకుని దిగి బస్సు వెనక్కి నడిచింది, విజిలు నోట్లో పెట్టుకుంది. కండక్టరు వెనక నిలబడి విజిలు వేస్తే తప్ప రివర్సు చెయ్యకూడదు. అది రూలు. ఎత్తులో నిండు బస్సుని వెనక్కి దింపడం అంటే మాటలు కాదు. వెనక పాల వ్యాను ఒకటి హారను మోగిస్తూ చేరింది. దాన్ని పక్కకి తీయించి, ఆవిడ విజిలు వేస్తుంటే, రెండద్దాల్లోనూ చూసుకుంటూ అంగుళం అంగుళం దింపాను. చొక్కా తడిసిపోయింది. డీజిలు గుర్తుకి రాలేదు.

పిల్ల ఎక్కింది. నా సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. అప్పుడు మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇయ్యాల కాళ్ళు అక్కడికి కావాలండి. అందుకే పరిగెట్టలేదు."

నేను మొదటి గేరు వేసి బండిని ఎత్తు ఎక్కించాను. పై స్టాపులో వంకాయల ముసలమ్మ ఎక్కి ముందు సీట్లో కూర్చుని, తన బుట్ట ఒళ్ళోకి లాక్కుని, "కూకోయే, కాళ్ళు నొక్కుకో" అని జాగా ఇచ్చింది.

ఆ తరవాత ఎలా నడిపానో చెప్పను, కొత్త డ్రైవర్లు చదువుతారు. లారీలని దాటాను. ట్రాక్టర్లని దాటాను. స్టేషను దగ్గర జనాన్ని కండక్టరమ్మే రెక్క పట్టుకుని ఎక్కించింది. నాలుగు నెలలు పిసినారిలా దాచుకున్న డీజిలంతా ఆ పూట తగలేశాను. గ్రౌండు ముందు ఆపేసరికి సెంట్రీ గేటు రెక్క ఒకటి అప్పటికే మూసేశాడు. పిల్ల దూకి, ఆ కాస్త దూరమూ పరిగెత్తి, రెండో రెక్క సందులోంచి లోపలికి వెళ్లింది. ఆ పరుగు కూడా నా ఖాతాలోదే.

మధ్యాహ్నం కండక్టరమ్మకి ఫోను వచ్చింది. పరుగులో నెగ్గింది. ఆ మాట నాతో చెప్పి, "ఇంక రుద్దుతావేటి అది?" అని డాష్‌బోర్డు వంక చూపించింది.

"రుద్దను. ఒకటో నెంబరు రావాలి. కానీ కింద స్టాపులో ఆపి తెస్తాను."

"ఆపితే రాదన్నావు కదేటి?"

"చూద్దాం."

ఆ నెల బోర్డు మీద నా పేరు అయిదోది. తెల్లసుద్దలో ఆఖరు. బావ మీసానికి ఆ రోజు ఆముదం రాసుకుని మరీ వచ్చాడు. నేను మొహం గంటు పెట్టుకుని కూర్చుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను జరిగింది చెప్పి, "ఎత్తులో ఆపితే పోయింది బావా" అన్నాను.

"ఎత్తు కాదురా. నీ ఎడమ కాలు. నీ బండి క్లచ్ ప్లేటు ఎన్నిసార్లు మార్చానో తెలుసా నీకు? ఎప్పుడిప్పినా మాడు కంపే. అడిగితే కదా సెప్పడానికి! నీకు పౌరుషం, నాకు మీసం."

తన వారపు సెలవునాడు వచ్చి నా బస్సెక్కాడు. బానెట్ మీద కూర్చుని రోడ్డు వంక చూడలేదు, నా కాళ్ల వంకే చూశాడు. ఆమదాలవలస చేరేసరికి తేల్చేశాడు. ఇరవై రెండేళ్లుగా నేను ఎడమ కాలు క్లచ్ మీద ఊరికే ఆనించి నడుపుతున్నాను. గేరు మార్చనప్పుడు కూడా. ఆ కాలి బరువుకి ఇంజను లాగిందంతా చక్రానికి చేరకుండా మధ్యలోనే మాడిపోతోంది. "ఆ కాలు తీసి పక్కన పెట్టు. అంతే" అన్నాడు.

అంతే అన్నాడు గాని, ఇరవై రెండేళ్ల కాలు ఒక రోజులో వింటుందా? కుక్కతోక సామెత దానికే పుట్టి ఉంటుంది. కండక్టరమ్మ వీలున్నప్పుడల్లా వచ్చి తొంగిచూసి, "కాలు!" అని అరిచేది. కొన్నాళ్లకి ముందు సీట్లో ముసలమ్మ కూడా నేర్చుకుంది. "కాలు తియ్, బాబూ!" ఎత్తు మొదట్లో రోజూ ఆపేవాణ్ణి. అందరూ ఎక్కేదాకా ఆగి, హేండ్‌బ్రేకు మీద బండిని నిలబెట్టి, మొదటి గేరులో మెల్లగా వదిలేవాణ్ణి. వారం రోజులు ఇంజను ఆగిపోయి అభాసుపాలయ్యాను. తరవాత చేతికీ కాలికీ పొత్తు కుదిరింది. నల్లపొగ లేదు, మూలుగు లేదు. నిండు బస్సు చక్కా పైకి ఎక్కింది.

మూడో నెలలో గుమాస్తా స్టూలెక్కి మొట్టమొదట రాసిన పేరు నాది.

బావ రెండు రోజులు సెలవు పెట్టాడు. మూడో రోజు మూతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. మా అక్క పుట్టింటి పక్షం, మీసం తీయించేదాకా వదల్లేదు. గ్యారేజీ అంతా ఈలలు. నేనూ తెగ నవ్వాను. స్వీటు పొట్లం తెచ్చి అందరికీ పంచాను.

కండక్టరమ్మ లడ్డు తీసుకుని బోర్డు ముందు నిలబడింది. పేరు చదివింది. నెమ్మదిగా తింది. "కింద ఆపినా వచ్చింది కదేటి అన్నియ్యా" అంది, చెయ్యి దులుపుకుని వెళ్లిపోయింది.

నా నోట్లో లడ్డు చేదైపోయింది. తప్పు నా ఎడమ కాలిది. దానికి ఒక ఊరు ఊరినంతటినీ ఎత్తు ఎక్కించాను.

ఆ ఎండాకాలంలో ఒక ఉదయం ఎత్తు మొదట్లో ఆ పిల్ల ట్రంకుపెట్టెతో నిలబడి ఉంది. ఉద్యోగం వచ్చింది, ట్రైనింగుకి వెళ్తోంది. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను సీటు దిగి వెళ్లి పెట్టె ఎత్తి లోపల పెట్టాను. డ్రైవరు సీటు దిగి సామాను మోయడం ఆ రూట్లో ఎవరూ చూసి ఉండరు.

"ఆ నాలుగు నెలలూ నిన్ను పరిగెత్తించాను తల్లీ" అన్నాను. అక్కడితో ఆపొచ్చు కదా. ఆపలేదు. మనసులో ఇంకా చిన్న ఆశ. "ఒకందుకు అదీ మంచిదే అయింది. నీకు పరుగు వచ్చింది."

పిల్ల నవ్వింది. కోపం లేదు, వెటకారం లేదు.

"ఏటి మంచిదండీ? నాను నాలుగ్గంటలకి లేసి కాలవగట్టు మీద పరిగెట్టీదాన్ని. రెండేళ్లపాటు. నా పరుగు తెల్లారకుండానే అయిపోయీది. ఇంటికొచ్చి గేదికి గడ్డేసి, నీళ్లు తెచ్చీసి, వంట సేసి వచ్చీసరికి కాళ్ళు పీకీవి. మీ ఎనకాల పరిగెట్టింది ఉత్తి బస్సు కోసమండీ."

కండక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ రైట్ అని విజిలు వేసింది. నేను వెళ్లి సీట్లో కూర్చున్నాను.

తమ్ముళ్లూ, లక్ష్యం పెట్టుకోండి. గట్టిగా పెట్టుకోండి. సుద్దతో రాసుకోండి, మీసాలు పందెం కాయండి, ట్రాక్టరు దాటిపోయినా పళ్ళు బిగించండి. నాకు తెలిసిన పట్టుదల అంతా ఆ బోర్డే నేర్పింది. కానీ నా లక్ష్యం కోసం నేను సీట్లో కూర్చున్నాను, పరుగు ఇంకొకరు పెట్టారు. ఆ పిల్ల తన లక్ష్యం కోసం తన కాళ్ల మీదే పరిగెత్తింది, అదీ ఎవరూ చూడని వేళ. మీరు ఏదైనా సాధించినప్పుడు ఎవరి కాళ్ళు పీకాయో ఒకసారి అద్దంలో చూసుకోండి.

రిటైరయ్యే దాకా నాకు అదే రూటు. ఎత్తు మొదట్లో ఎవరూ లేని రోజు కూడా నా కాలు బ్రేకు మీదికి వెళ్లేది. బస్సు ఆగేది. మట్టిరోడ్డు వంక ఒకసారి చూసి, ఎవరూ పరిగెత్తుకుంటూ రావడం లేదని నిశ్చయం చేసుకుని, మొదటి గేరు వేసేవాణ్ణి. బోర్డు మీద నా పేరు మాత్రం మళ్ళీ కిందికి దిగలేదు.